యాదగిరి ట్యాంకులో నీళ్లు

2000వ సంవత్సరం, వానాకాలం. అప్పట్లో నేను పంజాగుట్టలో ఒక కంప్రెసర్ల సర్వీసు వర్క్‌షాపులో సీనియర్ మెకానిక్‌ని. అమీర్‌పేట నిండా కంప్యూటర్ కోర్సులు నేర్చుకునే పిల్లలు, వాళ్ల హాస్టళ్లు, వాళ్ల సెకండ్‌హ్యాండ్ బైకులు. బైకులు పెరిగేసరికి గాలి కొట్టే దుకాణాలూ పెరిగాయి. మాకు చేతినిండా పని.

యాదగిరి పంచర్ దుకాణం ఒక కోచింగ్ సెంటర్ గోడ వారన ఉండేది. చక్రాల మీద తోసుకెళ్లే చిన్న కంప్రెసర్ అతనిది. దాని పక్కనే స్టూలు వేసుకుని భార్య అనసూయ పూలు కట్టి అమ్మేది. ఏటా దసరాకు అతను కంప్రెసర్ గాలి ట్యాంకు తుడిచి, వెండి రంగు వేసి, పసుపు కుంకుమలు పెట్టేవాడు. నేను సర్వీసు చేసేవాటిలో అంత మెరిసే ట్యాంకు మరొకటి లేదు.

ఆ రోజు మోటారు మాటిమాటికీ ఆన్ అవుతోందని కబురు పెట్టాడు. తీరా వెళ్తే మనిషి హుషారుగానే ఉన్నాడు.

"సార్, మీరు పిస్టన్ రింగులు మార్చినప్పటి సంది ఏమన్న పనిజేస్తుందా! ఇంతకుముందు ట్యాంకి నిండేలోపు చాయ్ తాగొచ్చేటోన్ని. గిప్పుడు బీడీ ముట్టిచ్చేలోపు నిండుతుంది."

"ఖాళీ కావడం?"

"గదే పరేషాన్. రెండు బండ్లకు కొడితే ఖతం. మళ్ల మోటర్ షురూ."

ట్యాంకు త్వరగా నిండి త్వరగా ఖాళీ అవుతోందంటే, లోపల గాలికి చోటు తగ్గిందన్నమాట. ఆ చోటును మరేదో ఆక్రమించింది.

గాలిని నొక్కి ట్యాంకులో నింపినప్పుడు అందులోని తేమ నీరుగా మారి అడుక్కు చేరుతుంది. వానాకాలంలో మరీ ఎక్కువ. అందుకే అడుగున డ్రెయిన్ కాక్ అనే చిన్న కుళాయి ఉంటుంది. రోజూ పని ముగిశాక మోటారు ఆపి, గాలి చాలావరకు వదిలేసి, దాన్ని తెరిచి నీళ్లు పోనివ్వాలి. లేదంటే ట్యాంకు లోపలి నుంచి తుప్పు పడుతుంది.

"ఏంటి యాదగిరీ, నీళ్లు తీస్తున్నావా?"

"దినాం తీస్తున్న సార్. మీరు చెప్పినంక ఒక్కనాడు సుత మర్వలే."

"ఏదీ, తీసి చూపించు."

అతను వంగలేదు. నిలబడే, రబ్బరు పైపు తగిలించే పక్క కాక్ తిప్పాడు. గాలి బుస్సుమంది.

"సూడుండ్రి. గాలితోని నీళ్లు సుత పోతయి."

ఆ కాక్ ట్యాంకు పైభాగాన ఉంది; అడుగున చేరిన నీళ్లు అందులోంచి రావు. అనసూయను లేచి దూరంగా వెళ్లమన్నాను. మోటారు ఆపి, ప్లగ్ పీకి, గేజ్ ముల్లు సున్నాకు వచ్చేదాకా గాలి వదిలించాను. నేల మీద పడుకుని చూస్తే, డ్రెయిన్ కాక్ ఏటా పూసిన వెండి రంగు కింద ముద్దగా బిగుసుకుపోయి ఉంది. దాన్ని విప్పితే చుక్క కూడా రాలేదు. రంధ్రంలో తీగ పెట్టి పొడిచాను. ముందు తుప్పు బురద, వెనకే డికాక్షన్ లాంటి నీళ్లు. ఒక బకెట్ నిండింది. రెండోది సగానికి వచ్చింది.

"గిన్ని నీళ్లు యాడికెల్లి వచ్చినయి సార్? నేనైతే పోయలే!"

కనకాంబరాలు కొనడానికి వచ్చిన ఇద్దరు హాస్టల్ అమ్మాయిలు ఆ మాటకు పకపకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అడుగున రంగు గీకి, స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా నొక్కాను. అట్టముక్కలోకి దిగినట్టు అది రేకులోకి దిగిపోయింది.

కాసేపటి క్రితం దాకా ఆ రేకే చదరపు అంగుళానికి వంద పౌండ్ల ప్రెజర్ మోసింది. సేఫ్టీ వాల్వ్ ఉంది కదా అనుకోవచ్చు. అది ప్రెజర్ హద్దు దాటితేనే తెరుచుకుంటుంది. ఇంత సన్నబడిన రేకును పేల్చడానికి మామూలు ప్రెజరే చాలు.

యాదగిరి మాత్రం తన వృత్తి లెక్కలోనే ఆలోచించాడు. "చిల్లే గద సార్. వెల్డింగోనితోని ఒక అతుకేపిస్తే అయిపాయె."

"ఇది ట్యూబు కాదయ్యా. అడుగంతా ఇలాగే ఉంది. మళ్లీ గాలి ఎక్కిస్తే బాంబే."

"గట్లంటే దుకాణం బందేనా? జర సేపట్ల క్లాసులిడిసి పోరగాళ్లంత వస్తరు సార్!"

అనసూయ ఆ చిల్లునూ తన స్టూలునూ మార్చి మార్చి చూసింది. ఆ రెంటికీ మధ్య మూరెడు దూరం.

"దుకాణం ఫికర్ తర్వాత జేద్దువు గని. నేను దినాం గాడనే కూసుంట గదా!" అంది భర్తతో. ఆమె నా వైపు తిరిగింది. "సార్, ఇన్నిసార్లొచ్చిన్రు. ఒక్కసారన్న కిందికి వంగి సూడకపోతిరా?"

ఆ ట్యాంకును ఎవరూ మళ్లీ వాడకుండా అక్కడికక్కడే రంపంతో కోయించాను. మోటారు, పంపు బాగానే ఉన్నాయి కాబట్టి వారం తర్వాత వాటిని కొత్త ట్యాంకు మీద బిగించి ఇచ్చాం. ఆ వారమంతా యాదగిరి కాలిపంపుతో గాలి కొట్టాడు.

ఇంటికి వెళ్లి పాత డైరీలు తిరగేశాను. నాలుగేళ్లలో ఆరుసార్లు అతని దుకాణానికి వెళ్లాను. ఆరుచోట్లా "నీళ్లు తీయమని చెప్పాను" అనే ఉంది. ఎక్కడి నుంచి తీయాలో చూపించానని ఒక్కచోటా లేదు. మనిషి చెప్పింది చెప్పినట్టు, ఒక్కరోజు మానకుండా చేశాడు. నా మాట అతనికి ఎలా అర్థమైందో నేనే కనుక్కోలేదు.

ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ, ఏ దుకాణానికి వెళ్లినా డ్రెయిన్ కాక్ యజమాని చేతనే తిప్పించేవాణ్ణి. ఆ నీళ్లు నేల మీద పడేదాకా అక్కణ్ణుంచి కదిలేవాణ్ణి కాదు. కొందరు విసుక్కునేవారు, చాదస్తమనేవారు. అననిచ్చేవాణ్ణి. అనసూయ బతికి ఉండి నన్ను ఆ ప్రశ్న అడగగలిగింది. అందులో నా పనితనం ఏమీ లేదు.