టోబీ గారి నడుం దిగువ గడ్డ

నేనొక ప్రాణిని చంపినంత పని చేసిన కథ ఇది. పైగా వైద్యం చేసి! కక్ష కట్టి చంపేవాళ్లు కూడా పూటకోసారి అంత శ్రద్ధగా చేతులు కడుక్కుని కూర్చోరు. మధ్యలో ఆపి, "అలా చెయ్యకుండా ఉండాల్సిందమ్మా" అనబోయే వాళ్లెవరైనా ఉంటే ఇప్పుడే లేచి వెళ్లిపోండి. ఆ మాట ఇన్నేళ్లుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను, మీ సాయం అక్కర్లేదు. నవ్వదలుచుకున్నవాళ్లు మాత్రం కూర్చోండి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మద్రాసు కాలేజీలో ఎఫ్.ఏ. పరీక్ష పూర్తి చేసి, రాజమండ్రి మిషను ఆడపిల్లల బడిలో కొత్తగా పంతులమ్మగా చేరాను. కాంపౌండు గోడ పక్కనే రెండు గదుల పెంకుటింట్లో నేను, మా మేనత్త మార్తమ్మ ఉండేవాళ్లం. మద్రాసు నుంచి నేను వెంట తెచ్చుకున్నవి రెండే రెండు. ఒకటి శరీరధర్మ శాస్త్రం పుస్తకం. రెండోది, లోకంలో నాకు తెలియనిది లేదన్న నమ్మకం. రెండిట్లో పుస్తకమే తేలిక.

మా బడి దొరసాని గారు ఏటా ఎండాకాలం నీలగిరి కొండలకి వెళ్లేవారు. పడవెక్కి కాలవ దారిన కాకినాడ, అక్కణ్ణుంచి పొగ ఓడలో మద్రాసు, ఆ పైన కొండలు. యాభై దాటిన మనిషి, పెళ్లి లేదు, పిల్లల్లేరు. అంత పెద్ద బంగళాలో ఆవిడ అడుగుల చప్పుడు విని సంతోషించే ప్రాణి ఒక్కటే ఉండేది. దాని పేరు టోబీ. ఆవిడ దాన్ని గినీ పంది అనేవారు, మేం సీమ ఎలుక అనేవాళ్లం. చూసినవాళ్లకి పందీ కాదు, ఎలుకా కాదు. కుందేలుకి చెవులు కత్తిరించి, తోక పీకేసి, ఆ అవమానానికి గుండ్రంగా ముడుచుకు కూర్చోమన్నట్టు ఉండేది.

పడవ ప్రయాణం దానికి పడదని ఆ ఏడు బుట్టతో సహా తెచ్చి నా చేతుల్లో పెట్టారు. "రూతమ్మా, ఇతడు నా కుటుంబము. జాగ్రత్తగా చూచుకొనుము" అన్నారు. మున్షీ దగ్గర నేర్చుకున్న తెలుగు ఆవిడది. వ్యాకరణం మాకంటే ఎక్కువ, తడి మాకంటే తక్కువ అని వెనకాల నవ్వుకునేవాళ్లం. ఆ రోజు మాత్రం ఆ తెలుగులో తడి కనిపించింది. నేను తల ఎగరేసి, "నాకు వదిలెయ్యండి" అన్నాను.

మా అత్త ఆ క్షణం నుంచీ దాన్ని "టోబీ గారు" అనడం మొదలుపెట్టింది.

"ఎలుకని పట్టుకుని గారేంటత్తా?"

"దొరసాని గారి ఇంటి మనిషిని ఒట్టి పేరు పెట్టి పిలుస్తానా? నోరు ఎలా వస్తుందే!"

టోబీ గారికి పొద్దున్నే గరిక కోసుకొస్తే, మా అడుగు వినిపించగానే బుట్టలోంచి "వీక్ వీక్" మని ఈల వేసేవారు. వారం తిరిగేసరికి ఆ ఈల వినకపోతే నాకు కాఫీ దిగేది కాదు. వట్టివేళ్ల తడిక తడిపి ఆయన పక్కన పెట్టి, నేను ఎండలో చెమటలు కక్కుతూ పరీక్ష కాగితాలు దిద్దేదాన్ని.

రెండో వారంలో దువ్వుతుంటే చేతికి తగిలింది. తోక ఉండాల్సిన చోట, నడుం దిగువన, చిక్కుడు గింజంత గడ్డ! పైన జిడ్డు, వెంట్రుకలు అంటుకుపోయి గోధుమ రంగు పక్కు.  శరీరధర్మ శాస్త్రం తెరిచాను. అందులో మనిషికి వచ్చే కంతుల గురించి పదకొండు పేజీలున్నాయి. పదకొండూ టోబీ గారికి వర్తించాయి.

"ఏమీ కాదే, జిడ్డు పట్టింది. గోరువెచ్చని నీళ్లతో కడుగు" అంది అత్త.

"నీకేం తెలుసు? ఇది కంతి. ముదిరితే ప్రాణం తీస్తుంది."

"తింటున్నాడు, ఈల వేస్తున్నాడు. ప్రాణం పోయేవాడు ఈల వేస్తాడా?"

చదువుకున్న మనిషికి ఇంతకంటే అవమానం ఉందా? గొడుగు తీసుకుని మిషను ఆసుపత్రికి నడిచాను.

అక్కడొక చిక్కుంది. మందులిచ్చే కాంపౌండరు యాకోబు గారికీ నాకూ, కిందటి ఆదివారమే చర్చి మెట్ల మీద పెద్ద వాదన అయ్యింది. "ఆడవాళ్లకి ఎఫ్.ఏ. ఎందుకండి?" అన్నారాయన. "మగవాళ్లకి నోరెందుకండి?" అన్నాను నేను. ఇప్పుడు అదే మనిషి ముందు, ఇరవై మంది రోగులు వింటుండగా, "ఎలుకకి ఒళ్లు బాగోలేదు, మందివ్వండి" అనాలి. మీరైతే అనేవారా? అనేవారేమో. మీకు ఎఫ్.ఏ. లేదు కదా.

ఆయన పుస్తకం తెరిచి కలం ముంచారు. "రోగి పేరు?"

"టోబీ."

కలం ఆగింది. "దొరగారా?"

"సీమ జాతేనండి."

"ఎక్కడ దిగారు?"

"మా ఇంట్లో."

కలంలోంచి సిరా చుక్క రాలింది. వెనక బెంచీ మీద దగ్గుతున్న ముసలాయన దగ్గడం మానేశాడు.

"మీ అత్తయ్యగారు కూడా ఇంట్లోనే ఉన్నారు కదండీ?"

"ఆవిడే దగ్గరుండి తినిపిస్తున్నారు."

"ఏం తింటున్నారు? మాంసం, కోడిగుడ్లు?"

"అబ్బే, ముట్టరు. ఆకుకూరలే."

"దొరగారు మాంసం ముట్టరా!" యాకోబు గారి కళ్లలో భక్తి కనిపించింది. "మహానుభావులు. గడ్డ ఎక్కడండి?"

"వెనక. నడుం దిగువ."

"పాపం. కూర్చోగలుగుతున్నారా?"

"ఎప్పుడూ కూర్చునే ఉంటారండి."

"ఎంత గడ్డ?"

"వంటికి తగ్గట్టు... పెద్దదే."

చూశారా, ఒక్క అబద్ధం లేదు. కోర్టులో నిలబెట్టినా గెలిచేదాన్ని. ఆయన మాత్రం ఒక మంచి దొర, ఒక పెద్ద గడ్డ ఊహించుకుని, లోపలికి వెళ్లి నల్లటి లేపనం డబ్బా తెచ్చారు. "గట్టి మందండి. కొంచెం మంట పుడుతుంది. దొరగారు ఓర్చుకోవాలి. పూటకోసారి దట్టంగా పట్టించండి."

పట్టించాను. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. టోబీ గారు మొదటిసారి గిలగిల్లాడారు. "మందు పనిచేస్తోంది" అన్నాను. రెండోసారి నా వేలు కొరికారు. "రోగం దిగుతోంది" అన్నాను. అత్త కొంగు నోట్లో పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

మూడో రోజు పొద్దున గరిక తెచ్చాను. ఈల లేదు.

బుట్టలో మూల ఉన్నాడు. నడుం వెనక అరచేతి మేర బొబ్బలు, కొన్ని చితికి నీరు కారుతున్నాయి. వెంట్రుకలు ఊడి బుట్ట గుడ్డకి అంటుకున్నాయి. గరిక మూతి దగ్గర పెట్టాను. చూశాడు. నాకేసి చూశాడు. తల తిప్పుకున్నాడు. అప్పటి నుంచీ నాకు వాడు టోబీ గారు కాదు, వట్టి టోబీ. ప్రాణం మీదికి వచ్చినవాణ్ణి ఎవరం గారు అంటాం?

"ఇప్పుడైనా వెళ్లి యాకోబు గారికి నిజం చెప్పవే" అంది అత్త.

"చెబితే కాంపౌండంతా నవ్వుతారు."

"నవ్వనీ. వాళ్ల నవ్వు నాలుగు రోజులు ఉంటుంది. వీడు సాయంత్రం దాకా ఉండేట్టు లేడు. దొరసాని గారికి ఏం చెబుతావే? మీ కుటుంబాన్ని ఎఫ్.ఏ. చదివి చంపానని చెబుతావా?"

 చెప్పులేసుకుని గుమ్మం దాటబోతుంటే ఎదురుగా యాకోబు గారు! మే నెల ఎండలో నల్ల కోటు తొడుక్కుని మెడ దాకా గుండీలు పెట్టుకున్నారు. దొరల దర్శనానికి ఉత్త చేతులతో వెళ్లకూడదు కదా, రెండు చేతుల్లో రెండు పసుపుపచ్చ నిమ్మకాయలు.

"దొరగారిని ఒకసారి చూసి, నమస్కారం చేసుకుని పోదామని వచ్చానండి. లోపల ఉన్నారా?"

 లోపల్నుంచి అత్త అంది: "ఉన్నారండి. బుట్టలో."

ఆయన చెప్పులు బయట విడిచి, ఒంగి, నిమ్మకాయలు ముందుకి చాచి లోపలికి వచ్చారు. మంచం చూశారు. కుర్చీ చూశారు. అత్త వేలు చూపించిన వైపు చూశారు. ఒంగిన మనిషి ఒంగినట్టే ఉండిపోయారు.

"ఇది... ఎలుక."

"సీమ ఎలుకండి" అన్నాను. నా గొంతు నాకే చీమ గొంతులా వినిపించింది.

"రూతమ్మ గారూ! ఆ మందు ఏడు మణుగుల దొర కోసం ఇచ్చానండి! ఏడు మణుగులు! ఇది రెండు సేర్లు ఉంటుందా?"

"తప్పు నాదేనండి. మీ ముందు ఎలుక అని చెప్పడానికి సిగ్గేసింది. మీ ఇష్టం వచ్చినట్టు నవ్వుకోండి, ఆదివారం చర్చి మెట్ల మీద నిలబెట్టి అందరికీ చెప్పండి. వీణ్ణి మాత్రం బతికించండి." అని బావురుమన్నాను. అంతవరకూ నేను ఏడవగలనని యాకోబు గారికి తెలియదు. నాకూ అంతంత మాత్రమే.

ఆయన నవ్వలేదు. నిమ్మకాయలు అత్త చేతిలో పెట్టి, కోటుతోనే నేల మీద చతికిలబడ్డారు. "కాచి చల్లార్చిన నీళ్లు. మెత్తటి పాత చీర గుడ్డ. కొబ్బరినూనె. తొందరగా" అన్నారు. మందంతా తుడిచి, పుండు కడిగి, దూదితో నూనె అద్దారు. టోబీ ఆయన కోటు మీద మూత్రం పోశాడు. "మంచిదేనండి, ఒంట్లో నీళ్లున్నాయి" అన్నారు. ఈ మాటన్న మనిషితోనా నేను మెట్ల మీద దెబ్బలాడింది!

టోబీ రెండు రోజులు ఎంగిలి పడలేదు. అత్త ఒళ్లో పెట్టుకుని, గుడ్డ వత్తి గంజిలో ముంచి, చుక్క చుక్కా మూతిలో పిండింది. నేను పక్కన కూర్చుని విసిరాను. యాకోబు గారు పొద్దునా సాయంత్రం వచ్చి చూసి వెళ్లారు. కోటు మానేశారు. మూడో నాడు ఉదయం నేను గరిక తీసుకుని, ఆశ లేకుండానే, గుమ్మంలో అడుగు పెట్టాను.

"వీక్."

ఒక్కటే. సన్నగా, పగిలిపోయిన పిల్లనగ్రోవిలోంచి వచ్చినట్టు. గరిక పోచ ఒకటి లాక్కుని నమిలాడు. అత్త, నేను, అప్పుడే వచ్చిన కాంపౌండరు గారు, ముగ్గురం నేల మీద కూర్చుని ఆ పోచ మొదలు నుంచి చివర దాకా వాడి నోట్లోకి వెళ్లిపోయే వరకూ ఊపిరి బిగబట్టి చూశాం.

పుండు మానింది. వెంట్రుకలు మాత్రం రాలేదు. నున్నగా, గుండ్రంగా బట్టతల లాంటి మచ్చ, దాని నడిమధ్యన, ఎవరికీ కనపడకుండా పోయే దారి లేకుండా, ఆ గడ్డ! అంగుళం కదల్లేదు. నేనూ యాకోబు గారూ అరుగు మీద కూర్చుని దాని గురించి మంతనాలు చేశాం. "కొయ్యాలేమో" అని ఆయన, "మళ్లీ ముట్టుకుంటే నేను ఊరుకోను" అని నేను. ఈ లోపల దొరసాని గారి పడవ వచ్చేసింది.

రేవు నుంచి ఆవిడ నేరుగా మా ఇంటికే వచ్చారు. అప్పుడు యాకోబు గారు కూడా మా ఇంట్లోనే ఉన్నారు. ఆవిడ గొంతు వినగానే బుట్టలోంచి ఈలల మీద ఈలలు. ఆవిడ నవ్వుతూ వాణ్ణి ఎత్తుకున్నారు, తిప్పారు, నవ్వు ఆగిపోయింది. నేను ఇంగ్లీషులో రాసి కంఠతా పట్టిన క్షమాపణంతా ఎగిరిపోయింది. తెలుగులోనే మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. గడ్డ, పుస్తకం, కాంపౌండరు గారి కలం, నా సిగ్గు, అన్నీ. ఆవిడ వేలితో ఆ మచ్చ చుట్టూ నిమిరారు.

"రూతమ్మా, నీవు ఇది నాకు చెప్పక దాచవచ్చును గదా?"

"దాచడానికి వాడి ఒంటి మీద వెంట్రుకలు మిగల్లేదండి."

ఆవిడ పెదవులు వణికాయి. ఏడుపో నవ్వో తెలియలేదు. నేను ధైర్యం చేసి అడిగాను. "అంతా బాగయ్యిందండి, ఆ గడ్డ ఒక్కటే మిగిలింది. అది ఎప్పటికి తగ్గుతుందో యాకోబు గారికీ అంతు చిక్కడం లేదు."

"తగ్గదు" అన్నారు దొరసాని గారు. "తగ్గకూడదు. అది వ్యాధి కాదు. ఇతని జాతిలో యుక్తవయస్సు వచ్చిన పురుషులందరికీ ఉండును. అప్పుడప్పుడు గోరువెచ్చని నీటితో జిడ్డు కడిగిన చాలును."

యాకోబు గారు గోడకి చేరబడ్డారు.  తర్వాత మా అత్త, చాలా నెమ్మదిగా, ప్రతి అక్షరం నాకు గుచ్చుకునేలా అంది:

"మీసం మొలిచిన పిల్లాడికి మందు పూశావుటే, రూతూ!"

దొరసాని గారు ముందు నవ్వారు. ఆవిడ అంత బిగ్గరగా నవ్వడం మా కాంపౌండులో అంతకుముందు ఎవరూ వినలేదుట, బడి పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చారు. టోబీ ఆవిడ చేతుల్లోంచి నాకేసి చూసి ఒక ఈల వేశాడు. క్షమించాడో, గరిక అడిగాడో వాడికే తెలియాలి.

ఆ రోజే, ఆ గదిలోనే, ఆ ముగ్గురు సాక్షుల ఎదుట, శరీరధర్మ శాస్త్రం మీద చెయ్యి పెట్టి గంభీరంగా ప్రమాణం చేశాను: ఏ మగప్రాణి విషయంలోనైనా సరే, నాకు నచ్చనిది కనిపించినంత మాత్రాన దాన్ని జబ్బని అనను, మందు వెయ్యను. పెళ్లయి పదిహేడేళ్లయింది. ఆ ప్రమాణం ఇంకా తప్పలేదు. మా ఆయన యాకోబు గారిలో నాకు నచ్చనివి ఇప్పటికి బోలెడు బయటపడ్డాయి. అప్పుడప్పుడు గోరువెచ్చని నీళ్లతో కడుగుతున్నాను, అంతే.