మలావిలో నేను గెలికిన సంగటి

మొన్న నంద్యాలలో మా చర్చి కుర్రవాళ్లు నలుగురు సేవ చేయడానికి ఆఫ్రికా వెళుతుంటే, వీడ్కోలు కూటంలో నన్నూ రెండు మాటలు చెప్పమన్నారు. ఐదో తరగతిలో బడికి సెలవు పెట్టి ఇంతవరకు తిరిగి వెళ్లనివాణ్ణి కాబట్టి, తొందరగా ముగిస్తానని వాళ్ల నమ్మకం. పాస్టరుగారు ప్రేమ గురించి, ఓర్పు గురించి చెప్పి కూర్చున్నాక నేను లేచి, నాయనా, ఎవరి కంచం వాళ్లు కడుక్కోవడం వచ్చునా అని అడిగాను. అందరూ నవ్వారు. మన వయసువాళ్లకైతే ఆ ప్రశ్న వెనకున్న కష్టం తెలుస్తుంది.

ముప్పై దాటాక నేనూ అలాగే వెళ్లాను. ఆళ్లగడ్డలో బేల్దారి పని చేసుకునే నన్ను, మలావిలో ఒక పల్లెలో బడి కట్టడానికి జీతం లేని పనికి ఎంచుకుంటే, మా వీధి వీధంతా దండలేసి, కాస్త ఏడ్చి, బస్సెక్కించింది. గోడలు కట్టడమే నా పని అనుకున్నాను గాని, ఆ ఇంట్లో ఉండే మేమంతా వంతులవారీగా ఊడవాలని, అంట్లు తోమాలని, వండాలని ఎవరూ చెప్పలేదు. ఇంటి దగ్గర నేను చేసిన వంటపని అంతా కంచం ముందు కూర్చుని ఉప్పు తగ్గిందనడమే. అంట్లయితే ఉత్సాహంగానే తోమాను. మసి పట్టిన పెనం ఒకటి కనబడితే ఇటుకపొడి వేసి అద్దంలా చేశాను. ఆ నలుపు మసి కాదట, అట్లు అంటకుండా వేసిన పూతట, ఆ పెనం కొన్నదే ఆ నలుపు కోసమట.

మొదటి వంతున నా అన్నం గంజయింది, రెండో వంతున బొగ్గయింది. ఇల్లు చూసుకునే ఆ ఊరి ముసలామెను మేం పెద్దమ్మా అనేవాళ్లం. మూడోసారీ ఇంతే అయితే నన్ను ఇంటికి పంపించేయమని మమ్మల్ని తెచ్చినవాళ్లకు చెబుతానని ఆమె తేల్చేసింది. ఆ మూడో వంతు శనివారం, ఊరి పెద్దలు భోజనానికి వచ్చే రోజు. అన్ని దండలు వేయించుకున్న మెడతో నెల తిరక్కుండా ఆళ్లగడ్డ బస్టాండులో దిగడమా!

కరెంటు పనికి నాతో వచ్చిన మా బావ, అంటే ప్యాపిలికిచ్చిన మా అక్క మొగుడు, తన వంతులన్నీ ఉడకబెట్టిన గుడ్లతో నెట్టుకొచ్చేవాడు. పెద్దమ్మ మాట్లాడే నాలుగు ఇంగ్లీషు ముక్కలు మా ఇద్దరిలో అర్థమయ్యేదీ అతనికే.

"ఏం బామ్మర్దీ, పెట్టె సర్దుకుంటాండావా? మోసేకి నేనొస్తాలే."

"ఎగతాళి చాలు గాని, ఏదన్నా వండేది నేర్పించు బావా."

"నాకేం తెలుసప్పా? మీ అక్కను చేసుకునిందే అందుకు."

ఆ ఊరివాళ్లు తినేది మొక్కజొన్న పిండి ముద్ద, మన సంగటికి తెల్లటి చెల్లెలు. అది గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. ఎసట్లో నూకలు ఉడికించి, పిండి కుమ్మరించి, కుండ దించి, గోనెపట్టా చుట్టి, మా అమ్మ చేసినట్టే నేలమీద కూర్చుని రెండు కాళ్లతో కుండను అదిమిపట్టి, తెడ్డుతో గెలకడం మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే పెద్దలు వచ్చి, తమ భోజనం నా కాళ్ల మధ్య ఉండటం చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. పెద్దమ్మ ఏదో గట్టిగా అంది.

"తినే కుండకు కాళ్లు పెడతావా అంటాంది," అన్నాడు బావ, ఈసారి నవ్వకుండా.

"మా అమ్మ ఇట్లనే గెలికేదని చెప్పు బావా, కుండ కదలకుండా."

పెద్దమ్మ నా కాళ్లకేసి చూసి, మెల్లగా ఇంకొకటి అడిగింది.

"మీ ఇంట్లో కుండ పట్టుకునేటోళ్లే లేరా అంటాందప్పా."

లేకేం? ఉన్నాం, ఇంటినిండా ఉన్నాం, అందరం కంచాలు పట్టుకుని. పెద్దమ్మ నా ఎదుట చతికిలబడి, గుడ్డలతో కుండను రెండు వైపులా పట్టుకుని, ఊఁ కానీ అన్నట్టు గడ్డం ఎగరేసింది. నేను గెలికాను. చెనిక్కాయల ఊరిమిండితో, అంటే వేరుశెనగ పచ్చడితో, ముద్దలు పెడితే, పెద్దలు ముందు నా చేతులు కడిగించి, తర్వాత మారు అడిగి మరీ తిన్నారు. ఇంటికి పంపించే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. బావ ఒక్కడే నా పెట్టె మోసే భాగ్యం పోయిందని బాధపడ్డాడు.

పని ముగించుకుని తిరిగొచ్చాక, అమ్మ సంగటి గెలుకుతుంటే ఎదురుగా కూర్చుని కుండ పట్టుకున్నాను. "ఏందిరా, ఆడికి పోయి ఏం రోగం తెచ్చుకున్నావు?" అని నా నుదురు తాకి చూసింది గాని, కాళ్లు మాత్రం వెనక్కి తీసుకుంది. ఆమె ఉన్నన్నాళ్లు అలాగే సాగింది. ఇప్పుడు మా ఇళ్లలో సంగటి కుక్కర్లోనే అయిపోతోంది. ఎవరి చేతులూ కాలవు, మంచిదే. పట్టుకుందామని వంటింట్లోకి వెళ్లినా, కదిలే కుండే లేదు.