రెండో బెల్టు

2023. మొఘల్‌పురా దగ్గరి ఒక ప్రసూతి ఆసుపత్రిలో, లేబర్ రూమ్ నర్సుగా నా పదిహేడో ఏడు. నాకు తెలియని కాన్పు లేదనే పొగరు బాగా ముదిరిన కాలం.

ఆ వానాకాలంలో లత వచ్చింది. మాదన్నపేట మార్కెట్లో ఆకుకూరలమ్ముతుంది. పుట్టుకతోనే ఆమెకు రెండు గర్భసంచులు. దీన్ని యుటరస్ డైడెల్ఫిస్ అంటారు. ఒక్కో సంచీ ఇరుకు కాబట్టి నెలలు నిండకుండానే నొప్పులొచ్చే ప్రమాదం ఉంది. అలా ఇప్పటికే రెండుసార్లు బిడ్డను పోగొట్టుకుంది. ఈసారి కవలలు, సంచికొకరు. డాక్టరమ్మ ముందుజాగ్రత్తగా ఆమెను వార్డులోనే ఉంచారు.

ఏడో నెల మొదట్లో ఒక మధ్యాహ్నం, కడుపు పట్టేస్తోందంది. టోకో బెల్టు కట్టాను. గర్భసంచి బిగుసుకుంటే దానికి కలిపిన యంత్రం కాగితం మీద గీతను పైకి లేపుతుంది. అందరికీ కట్టినట్టే ఒక్క బెల్టు, అదీ పొట్ట ఎత్తుగా ఉన్న కుడివైపు. గీత ఎక్కడా లేవలేదు.

"ఏం లేదమ్మా, గ్యాస్" అన్నాను.

"గ్యాస్ కాదు సిస్టర్. ఎడమదిక్కు రాయి లెక్క అయితుంది. పోయినసారి గూడ గిట్లనే షురూ అయింది. జర చెయ్యి పెట్టి చూడుండ్రి."

విసుగ్గానే చెయ్యి పెట్టాను. కుడివైపు మెత్తగా ఉంది. ఎడమవైపు నా అరచేతి కిందే బిగుసుకుంటోంది! రెండు సంచులున్నప్పుడు దేని నొప్పులు దానివేనని చదివి కూడా మరిచిపోయాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. పరుగున ఇంకో బెల్టు తెచ్చి ఎడమవైపు కట్టాను. గీతలు వరసగా లేచాయి.

డాక్టరమ్మ క్షణం ఆలస్యం చెయ్యలేదు. నొప్పులు ఆపే మందు, బిడ్డల ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. సాయంత్రానికి ఎడమవైపు నెమ్మదించింది. అక్కడి నుంచి రోజులు లెక్కపెట్టుకుంటూ ఏడు వారాలు లాక్కొచ్చాం.

ఎనిమిదో నెల చివర సిజేరియన్. రెండు సంచులకూ వేర్వేరు కోతలు. ముందు కుడివైపు నుంచి పాప, తర్వాత ఎడమవైపు నుంచి బాబు.

"ఇద్దరు ఏడుస్తుండ్రా సిస్టర్?" అంది లత, బల్ల మీంచి తల తిప్పి.

"మా చెవులు చిల్లులు పడుతున్నాయి తల్లీ!"

"ఏడ్వనియ్యుండ్రి. గింత లొల్లి మా ఇంట్ల ఎన్నడు లేదు."

ఆపరేషన్ థియేటర్లో అందరం నవ్వాం. నా మాస్కు మాత్రం తడిసిపోయింది. ఆ మధ్యాహ్నం నా మాటకు జంకి ఆమె నోరు మూసుకుని ఉంటే ఆ ఇద్దరి ఏడుపూ మేం వినేవాళ్లం కాదేమో. అందుకే ఏ తల్లి "కాదు సిస్టర్" అన్నా, చేతిలో పని వదిలేసి వింటాను.