అట్టలమ్మ కటింగ్ మిషను

పుస్తకాలకు అట్టలు వేసేది కాబట్టి వీధి అంతా ఆమెను అట్టలమ్మ అనేది. ముందుగదిలో పని, వెనకగదిలో కాపురం. ముందుగదిలో సగానికి పైగా ఒక పాత ఇనప కటింగ్ మిషనే ఆక్రమించేది. ఆమె చక్రం తిప్పితే జానెడు మందం కాగితాల కట్ట వెన్నముద్దలా తెగేది. ఎంత బిగించాలో, బ్లేడు ఎప్పుడు సాన పట్టాలో ఆమెకే తెలుసు. మొగుడు నేర్పిన విద్య అది. మొగుడు పోయాక విద్య మిగిలింది, అతని జబ్బుకు చేసిన అప్పూ మిగిలింది.

అప్పిచ్చింది పరాయివాళ్లు కాదు, సొంత అక్క. పెద్ద వీధిలో కాగితాల దుకాణం ఆవిడది. అక్క మనదైతే బావ మనవాడా అంటారు గానీ ఇక్కడ సామెత తలకిందులైంది. బావ మనవాడే, పాపం నోట్లో నాలుక లేనివాడు. అక్కే మనది కాదు. నోటుపుస్తకాలు సొంతంగా తయారుచేసి బడులకు అమ్మాలని ఆశపడి, ఆ మిషను ఇచ్చెయ్యమని రెండుసార్లు అడిగింది. అది ఇచ్చేస్తే నేనేం చేసుకు బతకాలని రెండుసార్లూ చెల్లెలు కాదంది. మూడోసారి అక్క అడగలేదు, కోర్టులో దావా వేసింది.

అప్పుకాగితం మీద సంతకం తనదేనని అట్టలమ్మ ఒప్పుకుంది. అసలు, వడ్డీ నెలనెలా వాయిదాల మీద కట్టాలని, తప్పితే జప్తేనని తీర్పు వచ్చింది. చేతిపని మీదే బతికేవాళ్ల పనిముట్లు జప్తు చెయ్యకూడదని, మిషను గురించి భయపడొద్దని కోర్టు మెట్ల దగ్గర గుమస్తా ఒకాయన జాలిపడి చెప్పాడు. వెనకే దిగుతున్న అక్క చెవినా ఆ మాట పడింది.

వారం తిరగకుండా అక్క ఇంటికొచ్చింది. ఊరక రారు మహానుభావులు. ఆసుపత్రిలో ఊడ్చి తుడిచే పని ఖాళీ ఉందట, తెలిసినవాళ్లకు చెప్పి ఉంచిందట.

"కోర్టు కోర్టే, మనం అక్కచెల్లెళ్లం కాకుండా పోతామా?" అంది. "అట్టలేసుకుంటూ వాయిదాలేం కడతావే? జీతమైతే నెల తిరిగేసరికి చేతికొస్తుంది."

అక్క మంచితనానికి అట్టలమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. తర్వాత తలుచుకుంటే ఆమెకు ఒళ్లు మండేది ఆ కన్నీళ్లకే.

పది నెలలు ఫినాయిలు నీళ్లలో చేతులు నానబెట్టి, ఒక్క వాయిదా తప్పకుండా కట్టింది. పుస్తకాల పని ఆదివారానికి జరిగిపోయింది. వారమంతా తలుపు తాళం చూసిన బేరగాళ్లు వేరేచోటు చూసుకున్నారు. పదకొండో నెలలో తడినేల మీద జారిపడి మణికట్టు విరిగింది. పనిలోకి పోకపోతే జీతం లేదు. రెండు వాయిదాలు తప్పాయి. మూడో నెల మొదట్లోనే కోర్టు అమీను జప్తు కాగితంతో గుమ్మంలో నిలబడ్డాడు.

అట్టలమ్మ బెదరలేదు. గుమస్తా చెప్పిన మాట పొల్లుపోకుండా అప్పజెప్పింది. అదేదో జడ్జిగారికే చెప్పుకోమ్మా అని అతను తారీకు ఇచ్చి పోయాడు.

ఆ తారీకున ఆమె ఆసుపత్రి జీతం చీటీలన్నీ కట్టగట్టి కోర్టుకు పట్టుకెళ్లింది. తాను అప్పు ఎగ్గొట్టే మనిషిని కానని చూపించుకోవాలని ఆమె తాపత్రయం. బతుకుతెరువేమిటని జడ్జి అడిగాడు. అట్టలేస్తానండీ అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఆ ముక్క నోట రాలేదు, పరువు అడ్డొచ్చింది.

"ఆసుపత్రిలో పనండీ. నెలనెలా జీతమొస్తుందండీ. చెయ్యి బాగైంది, ఇక తప్పకుండా కట్టేస్తానండీ," అని చీటీలు బల్ల మీద పెట్టింది.

జడ్జి వాటిని తిరగేశాడు. మరి పుస్తకాల పని ఎప్పుడు చేస్తావని అడిగితే, ఎవరైనా తెస్తే ఆదివారాలని చెప్పింది. అక్క తరఫు వకీలు నోరు విప్పాల్సిన అవసరమే రాలేదు. ఆమె బతుకుతెరువు ఆసుపత్రి ఉద్యోగమని, మిషను ఇంట్లో పడి ఉన్న వస్తువేనని రెండు వాక్యాలు రాసి జడ్జి పక్క కేసు కాగితం అందుకున్నాడు.

వేలానికి ఇద్దరు పాతసామాన్లవాళ్లు, అక్క వచ్చారు. వాళ్లు పాతినుము ధర పాడితే అక్క దానిమీద కాస్త పాడింది. వచ్చిన సొమ్ము వడ్డీకి కూడా చాలలేదు, మిగిలిన అసలు అలాగే ఉంది. నలుగురు మనుషులు తలుపు ఊడదీసి మిషను పట్టుకుపోయారు. తలుపు తిరిగి బిగించే పని ఎవరూ పెట్టుకోలేదు.

నాలుగు రోజులకు అక్క మళ్లీ వచ్చి, ఖాళీ గదిలో గోడకానుకుని కూర్చుంది. మిషను మీద పెట్టిన ప్రతివాడూ కాగితాలు వంకరగా కోస్తున్నాడట, ఒకడికి వేలు పోవలసింది కొద్దిలో తప్పిందట.

"అది నీకు తప్ప ఎవరికీ లొంగదే. నువ్వొచ్చి తిప్పు. కూలి నీ బాకీలో జమేసుకుంటాలే."

అట్టలమ్మకు అక్క గొంతు పిసికెయ్యాలనిపించింది. నిజంగానే అనిపించింది. కానీ నోట వచ్చింది వేరు. బ్లేడు ఎవరు సాన పట్టారని, నూనె వేశారా లేదా అని అడిగింది. వెయ్యలేదంటే మనసు చివుక్కుమంది.

"రేపు పొద్దున ఎన్నింటికి రమ్మంటావు?"

"పొద్దునెందుకు?" అంది అక్క, లేచి చీర దులుపుకుంటూ. "ఆసుపత్రి పని మానెయ్యకు. అదయ్యాకే రా. వాయిదాలు ఆగకూడదుగా."