మూడో సిలిండరుకు ముహూర్తం

మా మామగారికి రెండు నమ్మకాలుండేవి. తాను మొదలుపెట్టిన పని ఏదైనా నిలబడి తీరుతుందనేది ఒకటి. నిలబడకపోతే అది ముహూర్తం తప్పే గానీ తన తప్పు కాదనేది రెండోది. ఈ రెండింటి మధ్య ఇరుక్కుని నలిగింది మా కారు. దాంతోపాటు నేనూ కొంత నలిగినాను.

అరవైల మొదట్లో మాట ఇది. గూడూరు పక్క కోట అనే ఊరు దాటి సముద్రం వైపు పోయే దారిలో మా అత్తగారి ఊరు. ధాన్యం బస్తాలు దించే చావడిలో ఒక నల్లకారు ఉండేది. ఎవరో దొర దేశం విడిచి పోతూ మద్రాసులో అమ్మేసిన బండి, వయసులో నాకంటే పెద్దది. డ్రైవరును పెట్టుకుంటే పెట్రోలు దొంగిలిస్తాడని మామగారికి అనుమానం. మా ఆయనకు కారంటే ఇష్టమే గానీ తోలడమంటే భయం. దారికి బాతులు అడ్డమొస్తే హారను కొట్టడానికి మొహమాటపడి, దిగి, వాటిని చేతులతో అదిలించి మళ్లీ ఎక్కేవారు. ఆయన పుస్తకం చూసి నేర్పించినారు, నేను స్టీరింగు పట్టి నేర్చుకున్నాను. చివరకు ఆ ఇంటికి డ్రైవరును నేనే అయినాను.

ఇంకో సంగతి చెప్పాలి. మామగారు కోడలితో నేరుగా మాట్లాడరు. నేను ఎదురుగా ఉన్నా సరే, అత్తయ్య వైపు తిరిగి 'అమ్మాయికి చెప్పు' అనేవారు. ఇంట్లో అయితే అది మర్యాద. కారులో మాత్రం తల ప్రాణం తోకకు వచ్చేది. వెనక సీటులో కూర్చుని 'ఎడమకు తిప్పమని చెప్పు' అంటారు, అత్తయ్య నాకు చెప్పేలోపల ఎడమ దారి వెనక్కి పోయి ఉంటుంది. అప్పుడు 'వెనక్కి రమ్మని చెప్పు' అంటారు. ఇట్టా గూడూరు చేరేసరికి గూడూరులో పని అయిపోయే వేళ అయ్యేది.

అయినా ఆ స్టీరింగంటే నాకు ప్రాణం. ఆ ఇంట్లో నా ఇష్టప్రకారం తిరిగే వస్తువు అదొక్కటే. ఇంటి నుంచి కాలు బయట పెట్టాలంటే బండి కట్టేవాడు కావాలి, తోడు వచ్చే మనిషి కావాలి, ఇద్దరు ముగ్గురి అనుమతి కావాలి. కారు ఎక్కితే మాత్రం అందరూ నా మీద ఆధారపడి కూర్చునేవారు. ఈ సంగతి బయటకు అనలేదు గానీ లోపల ఎంత మురిసిపోయేదాన్నో నాకే తెలుసు.

ఒక ఏడు కారుకు జోరు తగ్గిందని గూడూరు నుంచి మెకానిక్కును పిలిపించినారు. మీసం పెద్దది, నోరు ఇంకా పెద్దది. తను చెవి పెట్టి వినని ఇంజను ఈ జిల్లాలో లేదని వచ్చిన దగ్గర్నుంచి చెబుతూనే ఉన్నాడు. ఇంజను మూత విప్పి, గాలి బయటకు పోకుండా వాల్వులు నూరి, మళ్లీ బిగించినాడు. మిగిలిన ఒక్క ప్లగ్గు మాత్రం పురోహితుడు పెట్టిన ఘడియకే బిగించాలని మామగారి ఆజ్ఞ. ఆ ఘడియకు ఆడవాళ్లం లోపల గారెలు వేస్తున్నాము. చావడిలో గంట వినబడింది, మంత్రాలు వినబడినాయి, టెంకాయ పగిలింది. ప్లగ్గుకు ఇంత వైభోగం ఎందుకో నాకు అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున గూడూరు బయల్దేరినాము. నేను ముందు, అత్తామామలు వెనక. గతుకుల రోడ్డు ఎక్కినాక ఇంజనులోంచి టిక్కు టిక్కుమని ఒక చప్పుడు మొదలైంది. అద్దంలో అత్తయ్యను చూసి, "అత్తయ్యా, చప్పుడు మారింది, ఆపమంటారేమో అడగండి" అన్నాను.

"వాల్వులు కొత్తగా నూరినారు గదా, అట్నే ఉంటుంది. పోనియ్యమని చెప్పు" అన్నారు మామగారు.

పోనిచ్చినాను. ఇంకాస్త దూరం పోయేసరికి లోపల ఎవరో సమ్మెటతో కొట్టినట్టు ధణ్ మంది. బండి వణికి, వెనకాల నీలంగా పొగ వదిలి ఆగిపోయింది.

కారును ఎద్దులు లాక్కొచ్చినాయి. ఎద్దులకు స్టీరింగు తిప్పడం రాదు కాబట్టి నేను లోపల కూర్చోవలసి వచ్చింది. దారి పొడుగునా జనం. "కోడలమ్మ తోలితే ఎద్దులు కట్టాల్సొచ్చింది" అని ఒకాయన అరుగు మీద నుంచి వినబడేట్టే అన్నాడు. ఒళ్లు మండింది. బ్రేకు తొక్కి ఎద్దుల్ని కూడా ఆపేద్దామనిపించింది.

ఇంటికి చేరినాక తీర్పులు మొదలైనాయి. నేను గేరు మొరటుగా వేసినానని మామగారు అన్నారు, నాకు కాదు, అత్తయ్యకు. మంగళవారం బయల్దేరడమే తప్పని అత్తయ్య. పెట్రోలులో నీళ్లు కలిసి ఉంటాయని పుస్తకం తిరగేస్తూ మా ఆయన. చివరికి మామగారు అందరికీ కలిపి ఒక మాట చెప్పేసినారు: "ఇక ఈ ఇంట్లో ఆడవాళ్లు స్టీరింగు పట్టేది లేదని చెప్పు." అత్తయ్య నా వైపు చూసింది, విన్నావు గదా అన్నట్టు. విన్నాను.

మెకానిక్కు మళ్లీ దిగినాడు. స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకు, ఇంకో కొస చెవికి ఆనించి, మా ఆయన చేత హ్యాండిలు తిప్పించి, కళ్లు మూసుకుని విన్నాడు. "ఆయిలు చూసుకోకుండా తోలినారు" అన్నాడు నన్ను చూసి. నేను కొలపుల్ల పైకి లాగి చూపించినాను. ఆయిలు నిండుగా ఉంది. "అయితే క్లచ్చు మీద కాలు పెట్టే తోలుంటారు" అన్నాడు. క్లచ్చుకూ ఆ చప్పుడుకూ ఏం సంబంధమో చెప్పమన్నాను. పానా వెతుక్కుంటూ పనిలో పడ్డాడు.

ప్లగ్గులన్నీ విప్పి, ఒక్కో సిలిండరు రంధ్రం మీద బొటనవేలు అదిమి, మా ఆయన చేత మళ్లీ హ్యాండిలు తిప్పించినాడు. ఇంజను బాగుంటే లోపలి గాలి వేలిని పైకి తోస్తుంది. మొదటిది తోసింది, రెండోది తోసింది. మూడోదాని మీద వేలు కదల్లేదు. "దీంట్లో ఊపిరి లేదు. పిస్టను పగిలింది" అన్నాడు. ఎందుకు పగిలిందని అడిగితే, "ఆడోళ్లు తోలితే పగలదా" అన్నాడు. మామగారు తల ఊపినారు. ఆ రోజంతటిలో ఆయనకు నచ్చిన మాట అదొక్కటే.

ఇంజను మూత విప్పి పక్కన పెట్టినారు. మూడో పిస్టను నెత్తి చితికి, ఒక పక్క ఊడిపోయి ఉంది. ఆ చితికిన చోట ఏదో దిగబడి మెరుస్తోంది. మెకానిక్కు పట్టకారుతో పీకి అరచేతిలో వేసుకున్నాడు. చింతగింజంత లోహపు ముక్క, పచ్చగా, ఒక పక్క నలిగి ఉంది. "ఇది ఇంజను సామాను కాదే" అన్నాడు.

అత్తయ్య ముందుకు వంగి చూసి, "అయ్యో, ఇది మన పంచలోహం గదా. నేనే పసుపుగుడ్డలో కట్టి ఇచ్చినాను" అన్నది.

అప్పుడు తెలిసింది గారెలు వేసిన రోజు చావడిలో జరిగిందేందో. ఇల్లు కట్టేముందు శంకుస్థాపన గుంటలో పంచలోహం వేస్తారు, ఇల్లు పదికాలాలు నిలబడాలని. ఇంజను కూడా నిలబడాలి గదా అని మామగారు కంసాలి చేత ముక్క చేయించి, మంత్రం చదివించి, మెకానిక్కు అటు తిరిగినప్పుడు ప్లగ్గు రంధ్రంలోంచి లోపలికి వదిలినారు. పుణ్యం మూటగట్టుకుని అది ఒక మూల నక్కి కూర్చుంది. గతుకులకు కదిలి పిస్టను నెత్తిన పడి, మూతకూ పిస్టనుకూ నడుమ ఇరుక్కుంది.

నా తప్పు లేదని తేలిపోయింది గదా, ఇప్పుడన్నా ఒక మాట అంటారని ఎదురుచూసినాను. మామగారు ఆ ముక్కను కడిగి కళ్లకద్దుకున్నారు. "ఇది ఉండబట్టే కీడు ఇంజనుతో పోయింది. లేకుంటే మనుషుల మీదికి వచ్చేది" అన్నారు. ఆడోళ్ల గురించి అంత నోరు చేసుకున్న మెకానిక్కు మామగారి ఎదుట ఆకాశం చూస్తూ నిలబడినాడు. స్టీరింగు మాట ఎత్తిన వాడే లేడు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

మద్రాసు నుంచి కొత్త పిస్టను రైల్లో వచ్చింది. దాన్ని వేడి చేస్తేగానీ కడ్డీకి తగిలించే పిన్ను లోపలికి ఎక్కదన్నాడు మెకానిక్కు. వేడినీళ్లు కావాలంటే వంటింటికే రావాలి. అత్తయ్య అన్నం గిన్నె ఇవ్వనని మొండికేసి, చివరకు పశువులకు కుడితి కాచే గంగాళం ఇచ్చింది. పొయ్యి మీద పిస్టనును నేనే ఉడకబెట్టినాను. వేడిగా తీసి గుడ్డలో చుట్టి ఇస్తే, మెకానిక్కు బొటనవేలితో తోస్తేనే పిన్ను లోపలికి జారింది. రింగులు ఎక్కించి, మూత బిగించి, ప్లగ్గులు వేసినాడు, ఒక్కటి తప్ప. మూడోది ముహూర్తానికి ఆగింది.

మామగారి లెక్కన పోయినసారి ఘడియ దాటినాక ముక్క వేసినందువల్లే కీడు జరిగిందట. ఈసారి సరిగ్గా వేళకు వేస్తారట. కంసాలి ఇంకో ముక్క చేసి తెచ్చినాడు. ఈసారి చిన్నదే, కందిగింజంత. పెసరగింజంత చేయించినా పిస్టనుకు తేడా తెలియదని ఎవరు చెప్పాలి ఆయనకు? పురోహితుడు మంత్రం అందుకున్నాడు. మామగారు ముక్కను రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఇంజను మీదికి వంగినారు.

నేను వెళ్లి మూడో రంధ్రం మీద అరచెయ్యి పెట్టినాను.

మామగారు అక్కడే ఆగిపోయినారు. నా చెయ్యి తీసేయాలంటే నా చెయ్యి పట్టుకోవాలి. కోడలి చెయ్యి మామ తాకడు. అది ఆయన పెట్టుకున్న మర్యాదే, నేను పెట్టింది కాదు. "తియ్యమని చెప్పు" అన్నారు అత్తయ్యతో.

అత్తయ్య హారతి పళ్లెం పట్టుకుని ఉంది. కర్పూరం వైపే చూస్తూ, "నా చేతులు ఖాళీ లేవు" అన్నది. నోటితో చెప్పడానికి చేతులెందుకని ఆమెను ఎవరూ అడగలేదు. మా ఆయన పుస్తకంలో తల దూర్చినారు. పురోహితుడు చదివిన మంత్రమే మళ్లీ చదివి, ఇంకోసారి చదివి, గొంతు సవరించుకుని, ఘడియ దాటిపోయిందని మెల్లగా చెప్పినాడు. ముక్క మామగారి వేళ్ల మధ్యే ఉండిపోయింది.

"పక్కకు జరగండమ్మా, బిగిస్తాను" అన్నాడు మెకానిక్కు. ప్లగ్గు పూర్తిగా బిగిసేదాకా అక్కడే నిలబడి చూసినాను. తర్వాత చెయ్యి కూడా కడుక్కోకుండా పోయి స్టీరింగు ముందు కూర్చున్నాను. స్టార్టు చేస్తే ఇంజను మెత్తగా అందుకుంది. అత్తయ్య హారతి పళ్లెంతో సహా వెనక సీటు ఎక్కి తలుపు వేసుకుంది.

మామగారు ముక్కను జేబులో వేసుకుని, అటు పక్క తలుపు తీసి, అత్తయ్య పక్కన కూర్చున్నారు.

"నిదానంగా పోనియ్యమని చెప్పు" అన్నారు.

అత్తయ్య చెప్పింది. నేను నిదానంగా పోలేదు.