అమ్మ ఒప్పుకున్న తప్పు

మొన్న శనివారం మా పక్క అపార్ట్‌మెంట్‌లోకి కొత్తగా దిగిన తెలుగు దంపతులు చల్ల మిరపకాయలు వేయించారు. నూనె మరీ కాగిపోయినట్టుంది, ఆ ఘాటు కారిడార్ అంతా పాకి, తలుపు కింద సందులోంచి నా గదిలోకి దూరి గొంతులో కూర్చుంది. ఎవరికైనా ఆ వాసనకి పెరుగన్నం గుర్తొచ్చి నోరూరుతుంది. నాకు మాత్రం కాళ్ళు నిలవవు. కిటికీలన్నీ తెరిచాను, నా పొయ్యి ఆరిపోయే ఉందని తెలిసినా రెండుసార్లు చూసుకున్నాను, ఆఖరికి కోటు తగిలించుకుని మా నోవై ఊరి మంచులో, పార్కింగ్ లాట్ చుట్టూ నాలుగు చుట్లు తిరిగాను. ముప్పయ్యో ఏట పడబోతున్న మనిషి, కార్ల కంపెనీలో ఇంజినీరు, ఒక మిరపకాయకి ఇంత హడలిపోతుందంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వనీ.

నాకు ఏడేళ్ళు నిండే వరకు మేం ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక మూడంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. ఎండ కాస్త ముదిరితే చాలు, అమ్మ బాల్కనీలో పాత చీర పరిచి, మజ్జిగలో నానిన మిరపకాయలు ఎండబోసి, ఉడతలు ముట్టకుండా నన్ను కాపలా పెట్టేది. వినాయక చవితికి క్రాఫ్ట్ షాపులో కొన్న మట్టితో, ఒక చెవి పెద్దా ఒక చెవి చిన్నా ఉన్న వినాయకుణ్ణి చేసేవాళ్ళం. పత్రి కోసం పిల్లలందరం మేనేజర్ కంటపడకుండా పార్కింగ్ లాట్ పొదలన్నీ గిల్లుకొచ్చేవాళ్ళం. ఆదివారాలు, తలా ఒక వంటకం వండి తెచ్చుకుని, ఎవరో ఒకరి బేస్‌మెంట్‌లో పాట్‌లక్. అల్యూమినియం ట్రేలలో పులిహోర, గోంగూర, ఎప్పుడూ ఉడకని బిర్యానీ, మెట్ల కింద దాగుడుమూతలు, ఏ ఆంటీ ఎవరికి ఆంటీయో తెలియకుండా అందరినీ ఆంటీ అనడం.

నాన్న ఉద్యోగం పోయి ఇంకో రాష్ట్రం వెళ్ళాడు. మొదట వారానికో ఫోన్, తర్వాత నెలకొకటి, ఆ తర్వాత అదీ లేదు. అమ్మ ఇండియన్ గ్రోసరీ వెనక వంటగదిలో చపాతీలు ఒత్తే పనికి కుదిరింది. ఆమెకి డ్రైవింగ్ రాదు కాబట్టి, ఆ కాంప్లెక్స్‌లో తెలుగువాళ్ళందరికీ పెద్దదిక్కుగా ఉండే రాఘవ అంకుల్ ఆఫీస్‌కి వెళ్తూ దింపేవారు.

అమ్మకి ఒక అలవాటుండేది. తప్పెవరిదైనా ముందు తనే ఒప్పేసుకునేది. పాట్‌లక్‌లో ఎవరో ఆమె చీర మీద సాంబారు ఒలికిస్తే, "తప్పయిపోయిందండీ, ఏమనుకోమాకండి" అని తనే అనేది. తెనాలి దగ్గర ఒక పెద్ద ఉమ్మడి కుటుంబంలో అందరికంటే చిన్న కోడలిగా మూడేళ్ళు ఉండి వచ్చింది. ఆ ఇంట్లో చిన్నవాళ్ళు తప్పయిందనగానే పెద్దవాళ్ళు "సర్లే, పో" అనేవారు, గొడవ తెగిపోయేది, అందరూ కూర్చుని భోజనం చేసేవారు. ఒప్పుకోలు అంటే అమ్మకి తెలిసింది అంతే.

ఆ ఏడు జనవరిలో రాత్రికి రాత్రి మోకాలెత్తు మంచు పడి బడికి సెలవిచ్చారు. అమ్మ పని మానలేదు. అలా నన్ను ఒక్కదాన్నే వదిలి వెళ్ళడం అది మొదటిసారి కూడా కాదు. "ఎవరొచ్చినా తలుపు తియ్యమాక, నేనొచ్చిందాకా టీవీ చూసుకో" అని చెప్పి, పెరుగన్నం కలిపి పెట్టి వెళ్ళింది. ఉత్త పెరుగన్నం నాకెక్కడ దిగుతుంది? స్టూలెక్కి బాణలి పెట్టాను, నూనె పోశాను, గుప్పెడు చల్ల మిరపకాయలు వేశాను. రెండు నిమిషాల్లో గదంతా పొగ, అలారం మోత, మూడంతస్తుల వాళ్ళూ దగ్గుకుంటూ మంచులోకి పరుగు. ఫైర్ ఇంజన్ వాళ్ళు తలుపు బాదుతుంటే నేను అమ్మ మాట జవదాటకుండా బట్టల అలమరలో దాక్కున్నాను. తలుపు విరగ్గొట్టి నన్ను ఎత్తుకెళ్ళినవాడు కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు, మిరప ఘాటుకే అనుకోండి. పిల్లని ఒంటరిగా వదిలారని సర్కారు వాళ్ళు నన్ను తీసుకెళ్ళిపోయారు, ఆ సాయంత్రం అమ్మ వచ్చేసరికి ఇంట్లో నేను లేను.

కోర్టుకు పిలిచినప్పుడు రాఘవ అంకుల్ అమ్మని కారులో కూర్చోబెట్టుకుని దారంతా బుద్ధులు చెప్పారట. "జడ్జిగారి ముందు వాదించొద్దమ్మా. తప్పయింది, ఇంకోసారి జరగదు అని చెప్పు చాలు. వదిలేస్తారు." ఆయన మంచికే చెప్పారు, అందుకే ఇప్పటికీ ఆయన మీద పూర్తిగా కోపం తెచ్చుకోలేను. అమ్మ అలాగే నిలబడి, చదివిన ప్రతి ఆరోపణకీ తలూపింది: పిల్లని వదిలేశావా, యెస్, చాలాసార్లా, యెస్, పట్టించుకోలేదా, యెస్, సారీ సర్. తెలుగులో చెప్పే మనిషిని ఎవరూ పెట్టలేదు. ఈ ఒప్పుకోలునే పట్టుకుని రేపు తల్లిగా నీ హక్కులన్నీ రద్దు చేయొచ్చని కూడా ఆమెకి ఎవరూ చెప్పలేదు. "సర్లే, పో" అంటారని అమ్మ అక్కడే నిలబడి చూసిందట. వాళ్ళు తర్వాతి కేసు పిలిచారు.

నన్ను డోనా ఇంట్లో పెట్టారు. డోనా స్కూల్ బస్ డ్రైవరు, భర్త పోయిన మనిషి, సర్కారు అప్పగించిన పిల్లల్ని చూసుకునేది. ఆమె ఇంట్లో వంటింటి కిటికీ పక్కన లైలాక్ పొద ఉండేది, మే నెలలో ఇల్లంతా ఆ వాసనే. అక్టోబర్‌లో ఆపిల్ తోటకి తీసుకెళ్ళి వేడి వేడి సైడర్ డోనట్లు కొనిపెట్టేది, చక్కెర మూతికంతా అంటుకుని వేళ్ళు నాకుతుంటే ఏమీ అనేది కాదు. మంచు రోజుల్లో తెల్లారకముందే లేచి బస్ ఇంజన్ వేడెక్కించి, నన్ను డ్రైవర్ వెనక మొదటి సీట్లో కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పేది. నా కోసం ఏదో పసుపు పొడి కొనుక్కొచ్చి అన్నంలో కలిపి, "ఈజ్ దిస్ రైట్, హనీ?" అని అడిగింది. నేను యెస్ అన్నాను. ఆ పొడి అన్నం ఏడాది పాటు తిన్నాను. నేనూ మా అమ్మ కూతుర్నే కదా.

వారానికోసారి కౌంటీ సర్కారు ఆఫీసు గదిలో అమ్మని చూపించేవాళ్ళు. ఒక మూల నోట్‌బుక్‌తో ఒకావిడ కూర్చునేది, తనకి అర్థమయ్యేలా ఇంగ్లిష్‌లోనే మాట్లాడమనేది, దాంతో అమ్మకి మాటలు సగం అయిపోయేవి. తెచ్చిన పులిహోర ముద్దలు చేసి తినిపిస్తే, చెంచాతో తినగల పిల్లకి చేత్తో పెడుతోందని ఆవిడ రాసుకునేది. నాకు కుర్చీలో కుదురుండేది కాదు, గడియారం వైపూ తలుపు వైపూ చూస్తుండేదాన్ని. చలికాలం ముదిరాక అమ్మ రావడం తగ్గింది. కేసున్న ఇల్లని రాఘవ అంకుల్ దింపడం మానేశారు, ఆ దారిలో బస్సులు లేవు, పిల్లల పెంపకం నేర్చుకోమని కోర్టు వెళ్ళమన్న క్లాసులు రెండు ఊళ్ళవతల. ఇవేవీ నాకు తెలియవు. నాకు తెలిసిందల్లా ఆ గదిలో నేను జాకెట్ విప్పకుండా కూర్చోవడం, అమ్మ రాకపోవడం, డోనా రావడం.

ఒక మధ్యాహ్నం, నా తరఫున మాట్లాడడానికి కోర్టు పెట్టిన లాయరు ఇంటికొచ్చింది. డోనా బస్ డ్యూటీలో ఉంది, పక్కింటి ముసలావిడ హాల్లో అల్లుకుంటోంది, వంటింట్లో మేమిద్దరమే. ఎక్కడ ఉండాలనుందని అడిగింది. "ఐ వాంట్ టు స్టే హియర్" అన్నాను. ఎవరూ నేర్పలేదు, ఎవరినీ మెప్పించడానికి అనలేదు. అమ్మ మీద నాకు చచ్చేంత కోపంగా ఉంది, డోనా మీద ప్రేమగా ఉంది.

కొన్నాళ్ళకి కోర్టు అమ్మ హక్కులు రద్దు చేసింది. వారానికోసారి చూపించడం కూడా ఆగిపోయింది. అమ్మ అప్పీల్ వేసిందని డోనా చెప్పింది. ఏడాదికి పైగా సాగిన ఆ అప్పీల్ కాలం నా ఒంట్లో ఇంకా ఉంది. ముగ్గురు జడ్జీల ముందు అమ్మ చేతులు కట్టుకుని తప్పయిందని చెబుతున్నట్టు ఊహించుకునేదాన్ని; అక్కడ అమ్మ నోరే విప్పదని, ఆ ముగ్గురూ కాగితాలే చదువుతారని నాకేం తెలుసు? ఫోన్ మోగితే డోనా ముఖం చూసేదాన్ని. బ్యాగ్ సర్దేదాన్ని, విప్పేదాన్ని, మళ్ళీ సర్దేదాన్ని. దత్తత కాగితాలు సిద్ధం చేసుకున్న డోనా నా గదికి ఊదా రంగు మొదలుపెట్టి, తీర్పు వచ్చేదాకా ఆగమని ఎవరో చెబితే ఒక గోడ దగ్గరే ఆపేసింది. మిగతా మూడు గోడలూ తెల్లగా ఉండిపోయిన ఆ గదిలో నాకు సరిగా నిద్రపట్టేది కాదు. అమ్మ గెలవాలా, ఓడాలా? ఒక పూట ఇది, ఒక పూట అది కోరుకుని, రెండింటికీ ఏడ్చేదాన్ని.

ఆగస్టులో, వాకిట్లో ఇద్దరం మొక్కజొన్న పొత్తులు ఒలుస్తుంటే ఫోన్ వచ్చింది. డోనా చాలాసేపు విని, పెట్టేసి, "యువర్ మామ్ వన్, హనీ" అంది. ఏమవుతుందో తెలియకుండా చేయించిన ఒప్పుకోలు చెల్లదని, దాని మీద కట్టిన కేసంతా నిలవదని ఆ ముగ్గురూ తేల్చారట. అది పట్టుకున్నది అప్పీల్ కోసం వచ్చిన కొత్త లాయరమ్మ, పాత కోర్టు మాటలన్నీ వరసగా చదివి. డోనా ఇంకో పొత్తు తీసుకుని పీచు దులుపుతూ కూర్చుంది, కాసేపటికి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. కేసు కింది కోర్టుకు తిరిగొచ్చి, మళ్ళీ మొదలై, నేను అమ్మ దగ్గరికి చేరేసరికి ఇంకో చలికాలం వచ్చింది.

ఇప్పుడు ఆ కౌంటీ ఆఫీసు లేదు, ఆ స్థలంలో కార్ వాష్ ఉంది. డోనా ఇల్లు అమ్మేసి ఎటో దక్షిణాదికి వెళ్ళిపోయింది, రెండు క్రిస్మస్ కార్డులొచ్చాయి, తర్వాత నేను పంపినవి తిరిగొచ్చాయి. రాఘవ అంకుల్ లేరు. అమ్మ మంచులో కూడా నాకంటే ధీమాగా డ్రైవ్ చేస్తుంది, తప్పయిందన్న మాట ఆమె నోట విని ఎన్నేళ్ళయిందో. కస్టమర్ కేర్ వాళ్ళు ఆమె ఫోన్ ఎత్తాలంటే భయపడుతుంటారని నా అనుమానం.

నిన్న ఆదివారం అమ్మ ఇల్లు మారడానికి సామాన్లు సర్దుతుంటే, అప్పీల్ కాగితాల కట్ట నా చేతికొచ్చింది. నేలమీదే కూర్చుని చదివాను. హక్కులు రద్దు చేసిన రోజు కోర్టులో మాట్లాడినవన్నీ అందులో ఉన్నాయి. డోనా వంటింట్లో నేను ఇక్కడే ఉంటానన్న మాట కూడా ఉంది. నా లాయరు దాన్ని లేచి నిలబడి చెప్పింది.

"అమ్మా, ఇది చెప్పినప్పుడు నువ్వు అక్కడే ఉన్నావా?"

అమ్మ వంగి చూసింది. "లేకేం, వినబట్టే కదా."

"మరి అప్పీల్ ఎందుకేశావ్?"

"ఎందుకేంటే?" అంది, నేనేదో పిచ్చి ప్రశ్న అడిగినట్టు. "వాళ్ళింట్లో ఉండి ఇంకేమంటావ్ పాపం? భయపడి అన్నావు. నేను మాత్రం భయానికి ఒప్పుకోలా? అది విన్నాకే నాకు ఆగలా. నా పిల్ల అక్కడ భయపడతా ఉంది, ఎన్ని మెట్లెక్కమన్నా ఎక్కుతానని లాయరమ్మకి చెప్పా. లేకపోతే ఆ రోజుతో వదిలేసేదాన్నేమో."

ఆమె నా జవాబు కోసం చూస్తోంది. నా చేతిలో కాగితం ఇంకా తెరిచే ఉంది.

"అవునమ్మా," అన్నాను. "చాలా భయమేసింది."