తిరుత్తణి గుండు వీడియో

తిరుత్తణి కొండ మీద అక్క కూతురికి తొలి గుండు కొట్టించాం. మేనమామను కాబట్టి పాప నా ఒళ్లోనే కూర్చుంది. నా ఫోన్‌తో బావ వీడియో తీశాడు. తిరువళ్లూరు చేరగానే దాన్ని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఫోన్ నిండిపోయిందని అందులోంచి చెరిపేశాను.

ల్యాప్‌టాప్‌లో పాప ఏడుపు వినిపిస్తోంది, బొమ్మ మాత్రం లేదు. తెరంతా నలుపే. తొలి గుండు మళ్లీ కొట్టించేది కాదు కదా!

"యాడరా వీడియో? మాయత్త అడగతా ఉండాది," వంటింట్లోంచి అక్క కేకేసింది.

"వస్తాండాది, ఉండుక్కా!" అని కసిరాను.

నెట్‌లో వెతికితే తెలిసింది: కొత్త ఫోన్లు వీడియోను బాగా కుదించి దాస్తాయట; దాన్ని విప్పి చూపడానికి కోడెక్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ కావాలట. ఉచితంగా ఇస్తామన్న సైట్లో నాలుగు డౌన్‌లోడ్ బటన్లు మెరుస్తున్నాయి. వాటిలో ఏది వైరస్సో ఎవడికి తెలుసు? ఉన్నది ఆ ఒక్క కాపీయే. కళ్లు గట్టిగా మూసుకుని ఒకటి నొక్కాను.

అయిదు నిమిషాలకు బొమ్మ వచ్చింది. అక్క పరుగున వచ్చి నా పక్కన కూలబడింది. తెర మీద పాప ఏడుస్తూనే, రాలిపడుతున్న జుట్టును కళ్లింతలు చేసుకుని చూస్తోంది. దాన్ని పట్టుకుని కూర్చున్న నేను మాత్రం కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాను.